తడవని తొట్టి

"నేనే చంపినాను మేడం," అంది ప్రిస్కిల్లా మళ్ళీ.

జరీనాకి ఒళ్ళు మండింది. నేరం నెత్తిన వేసుకునే క్లయింట్లు అసలు దొంగల కన్నా ఎక్కువ విసిగిస్తారని ఆవిడ గట్టి నమ్మకం. పోలీసుల ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పదకొండేళ్ళు పనిచేసి, పైవాళ్ళతో పడక బయటికొచ్చి, మడివాళలో మందుల షాపు మేడమీద డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న కడప మనిషి. ఓపిక అనే సరుకు ఆవిడ దగ్గర ఏనాడూ స్టాకులో లేదు.

"ఆ ముక్క సాయంత్రం స్టేషన్లో శ్రీనివాసప్ప ఎలాగూ రాయించుకుంటాడు. నాకు నిన్న జరిగింది కావాలి. మొదట్నించీ చెప్పు."

కె.ఆర్.పురంలో రెండు గదుల ఇల్లు అది. మంచం మీద ప్రిస్కిల్లా తల్లి సుశీలమ్మ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, చావులు చూసి బెదిరే రకం కాదు. కూతురు రాత్రంతా కన్ను మూయకుండా అదే మాట అంటూ ఉంటే మాత్రం బెదిరిపోయి జరీనాకి ఫోన్ చేసింది.

చచ్చిపోయినాయన పేరు వెంకటేశ్వర్లు. జీవితమంతా సోడా ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాడు. హూడిలో కేకులూ బిస్కెట్లూ నేర్పే ట్రైనింగ్ సెంటర్ ఒకటుంది. దాని సెల్లార్‌లో, వంట సోడాని తొలి రోజుల్లో ఎలా చేసేవారో జనానికి చూపించే ప్రదర్శన ఒకటి తయారుచేస్తున్నాడు. కెమిస్ట్రీ చదివిన ప్రిస్కిల్లా ఆయనకి అసిస్టెంటు. నిన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆ ప్రదర్శన గదిలోనే శవమై కనిపించాడు.

"ఆ గది సంగతి చెప్పు. సైన్సు మేష్టరుకి చెప్పినట్టు కాదు, మామూలుగా చెప్పు."

పిల్ల కళ్ళలోకి కాస్త జీవం వచ్చింది. "మొదట్లో దీనికని ఫ్యాక్టరీలే లేవు మేడం. సారా కాచేవాళ్ళ తొట్లలో పులిసేటప్పుడు గ్యాస్ లేస్తాది కదా, దాని మీద సోడా పరిచేవాళ్ళంట. తర్వాత తర్వాత చెక్క గదులు కట్టినారు. లోపల అరలు. అరల మీద బట్టల సోడా పలుకులు. బయట టబ్బులో పాలరాయి ముక్కలేసి, మగ్గుతో యాసిడ్ పోస్తే గ్యాస్ వస్తాది. అది పైపులో గదిలోకి పోతాది. పలుకులు ఆ గ్యాస్ తాగి తాగి తినే సోడా అయిపోతాయి. అమెరికాలో ఇద్దరు బావాబామ్మర్దులు వంటింట్లో కూర్చోని, చేత్తో కాగితం సంచుల్లో నింపి అమ్మినారంట. ఆ కత చెప్పేటప్పుడు మా సారు..." చున్నీతో కళ్ళొత్తుకుంది.

"ఏడుపు తర్వాత. నిన్న ఏం చేశావు?"

"ఏడింటికి పోయినా. యాసిడ్ పోసి అరగంట గ్యాస్ వదిలినా. తొట్టి తుడిచినా. గుడికి టైమైపోయిందని ఉరికినా. ట్యాపు కట్టినానో లేదో గుర్తుకే రాలేదు మేడం. ఎంత ఆలోచించినా రాలేదు."

"తొట్టి ఏమిటి?"

"పలుకుల్లో నీళ్ళుంటాయి. గ్యాస్ తాగేకొద్దీ ఆ నీళ్ళు బయటికి కారతాయి. అందుకే అరల కింద నేల వాలుగా పెట్టినారు, వాలు చివర తొట్టి. అది తుడవకుండా పోతే సారు తిడతాడు. తుడిచిన గుడ్డ పిండి మేకుకి తగిలిచ్చింది కూడా గుర్తుండాది. ట్యాపు ఒక్కటే గుర్తు లేదు."

"గుడికి అంత పొద్దున్నే ఎందుకు?"

జవాబు సుశీలమ్మ ఇచ్చింది. "నిన్న నెలలో మొదటి ఆదివారం కదమ్మా. మా గుడి, అదే చర్చి, నాలుగు భాషలోళ్ళది. మామూలు వారాల్లో తమిళం, కన్నడం, ఇంగ్లీషు అయినాక పదకొండుకి మా తెలుగోళ్ళ వంతు. మొదటి ఆదివారం మాత్రం అందరికీ కలిపి ఎనిమిదికే బల్లారాధన, రొట్టే ద్రాక్షరసం పంచేది. ప్రభువు బల్లకి ఆలస్యంగా పోతే ఏం బాగుంటాది?"

"మామూలు ఆదివారాల్లో తొమ్మిదికి నేను లోపలికి పోయి పలుకులు తిప్పుతాను," అంది ప్రిస్కిల్లా. "అడుగున ఉండేవి పైకి తిప్పకపోతే సమంగా మారవు. నిన్న సారే తిప్పుతానన్నాడు. నువ్వు పో తల్లీ అన్నాడు. నేను ట్యాపు తెరిచిపెట్టి పోయినా, ఆయన లోపలికి పోయినాడు."

ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసప్ప ఆ పిల్లని నాలుగింటికి స్టేషన్‌కి రమ్మన్నాడు. ఈ తీరుగా పోతే మూడున్నరకే వెళ్ళి, అడక్కుండానే సంతకం పెట్టి, జైలుకి దారి కూడా తనే అడిగేట్టుంది.

"నేను ఫోన్ చేసేదాకా దేనిమీదా సంతకం పెట్టకు," అని చెప్పి జరీనా బండి తీసింది.

హూడి సెంటర్లో కింది అంతస్తంతా ఐస్‌క్రీమ్ కేకుల హడావిడి. ఇద్దరు పనివాళ్ళు చేతులకి మందపాటి గ్లౌజులేసుకుని, కేకు డబ్బాల్లో పొగలు కక్కే డ్రై ఐస్ ముక్కలు సర్దుతున్నారు. సెంటర్ యజమాని లలిత్ కారు తాళాలు ఊపుకుంటూ ఎదురొచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, మెత్తటి మాట, ఇస్త్రీ నలగని చొక్కా. కుడిచేతి రెండు వేళ్ళ కొసలకి ప్లాస్టర్ చుట్టి ఉంది.

"మేడం, వెంకటేశ్వర్లుగారు మాకు ఫాదర్ లాంటివారు," అన్నాడు. "బట్ ప్రిస్కిల్లా చిన్నపిల్ల. కావాలని చేసింది కాదు కదా. మా లాయర్‌తో మాట్లాడాను. నేనే వెళ్ళి పికప్ చేసుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్తా. మీరు చూడాల్సింది చూడండి, టేక్ యువర్ టైమ్."

"చేతికేమైంది?"

"ఓవెన్ ట్రే మేడం. మా ఫీల్డ్‌లో కామన్." నవ్వి వెళ్ళిపోయాడు.

మెట్లు దిగుతూ జరీనా ఆ నవ్వు గురించే ఆలోచించింది. ఫాదర్ లాంటి మనిషి పోయిన మర్నాడు అంత తేలిగ్గా నవ్వు ఎలా వచ్చిందో ఆవిడకి అర్థం కాలేదు. అయితే నవ్వు సాక్ష్యం కాదు.

సెల్లార్‌లో ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసప్ప ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. తాతల నాటినుంచి బెంగుళూరులో ఉన్న తెలుగాయన. జరీనా ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో ఈయన పంపిన మూడు కేసులు ఆవిడ రిపోర్టుతో కోర్టులో వీగిపోయాయి. ఆ మంట ఇంకా ఆరలేదు.

"రామ్మా జరీనమ్మా, రా. కేసు క్లోజ్ చేసేటప్పుడు నువ్వు రాకపోతే నాకు తిన్నది అరగదు."

"క్లోజ్ అయిందా అప్పా?"

"అయిపోయినట్టే ఉండాది. ట్యాపు తెరిచి ఉండాది, ముసలాయన లోపల పడి ఉండాడు, ఆ పిల్ల నేనే అంటా ఉండాది. ఇంకేం కావల్ల నీకు?"

జరీనా గది దగ్గరికి వెళ్ళింది. నాలుగు గోడలూ చెక్కవి, సందుల్లో జిగురు కాగితాలు, బిగుతైన తలుపు. పక్కన పాలరాయి టబ్బు, దాన్నుంచి లోపలికి పైపు, పైపుకి ట్యాపు. గోడమీద వెంకటేశ్వర్లు స్వయంగా రాసిన బోర్డు: 'ఈ గదిలో దిగేముందు పాతకాలపు పనివాళ్ళు మోకాలెత్తున దీపం పట్టుకునేవారు. దీపం ఆరితే మనిషి వెనక్కి రావాలి.'

"ఆయన జేబులో ఏం దొరికాయి?"

"కళ్ళజోడు, మొబైలు, అగ్గిపెట్టె, కొవ్వొత్తి."

"కొవ్వొత్తి వెలిగించిందేనా?"

శ్రీనివాసప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "లేదు. కొత్తది. వత్తి తెల్లగా ఉండాది. ఏం?"

"గోడమీద ఇంత పెద్ద అక్షరాలతో రాసుకున్న మనిషి, దీపం లేకుండా లోపలికెందుకు పోతాడు? టబ్బులో బుడగ లేదని చూశాడు. ట్యాపు కట్టి ఉందని చూశాడు. గ్యాస్ లేదనుకున్నాడు, అందుకే వెలిగించలేదు. ట్యాపు ఆయన చచ్చాక తెరిచారు."

"ముసలాయన మరిచిపోయింటాడమ్మా. నా వాచీ నేనే రోజూ మరిచిపోతా. దీనికి కోర్టులో జడ్జి నవ్వుతాడు."

జరీనా గ్లౌజులేసుకుని లోపలికి వంగింది. అరల మీద సోడా పలుకులు, నిన్నటి అరగంట గ్యాస్‌కి పైపైన పాలిపోయినా, ఇంకా పటికబెల్లంలా మెరుస్తున్నాయి. నేల వాలు చివర తొట్టిని టార్చి వేసి చూసింది. వేలితో రాసి చూసింది. పొడిగా ఉంది. నీళ్ళు ఆరితే మిగలాల్సిన తెల్లటి మరక కూడా లేదు.

"ఇది చూడప్పా."

"చూస్తా ఉండా. తొట్టి. ఖాళీ."

"ఆ పిల్ల ట్యాపు తెరిచిపెట్టి పోయుంటే, మధ్యాహ్నం దాకా గ్యాస్ పోయుంటే, ఇది తడవాలి. పలుకులు గ్యాస్ తాగితే నీళ్ళు కారుస్తాయి."

"ఎవురు చెప్పినారు నీకు? ఆ పిల్లేనా? ముద్దాయి మాట పట్టుకోని నాకు పాఠం చెప్తావా?"

జరీనా ఇంక మాటలతో లాభం లేదనుకుంది. మూల ఉన్న గోనెలోంచి గుప్పెడు పలుకులు తీసి మూత ఉన్న బకెట్లో ఒక జల్లెడ మీద పరిచింది. ఇంకో డబ్బాలో పాలరాయి ముక్కలేసి యాసిడ్ పోసి, గొట్టం బకెట్లోకి పెట్టింది. నురగ బుసబుస పొంగింది. శ్రీనివాసప్ప కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"నన్ను కూడా చంపేస్తావేమో."

"నీకంత తొందరెందుకు, పెన్షన్ తీసుకోవా?"

ఇద్దరూ బకెట్‌కి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. ఆవిడ నాలుగడుగుల మేర అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నాలుగింటికి ఇంకా చాలా టైముంది, అయినా కాళ్ళు నిలవడం లేదు. మూడోసారి యాసిడ్ పోశాక మూత తీసింది. మెరిసే పలుకులు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. వాటి ఒంటిమీద చెమట. జల్లెడ కింద బకెట్ అడుగున నీటిచుక్కలు.

శ్రీనివాసప్ప వంగి చూశాడు. లేచి గది దగ్గరికి వెళ్ళి తొట్టి చూశాడు. మళ్ళీ వచ్చి బకెట్ చూశాడు. ఈసారి గొంతులో ఎకసెక్కెం లేదు.

"గ్యాస్ పోకపోతే మరి ముసలాయన ఎట్ల చచ్చినాడు? పోస్టుమార్టంలో ఊపిరాడకనే అని ఉండాది."

"పైపులోంచి పోలేదన్నాను. గ్యాస్ లేదనలా."

స్టూలు వేసుకుని పైకెక్కింది. కింది అరలు మూడూ శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికన్నా పై అర, తలకన్నా ఎత్తులో ఉన్నది, అక్కడ చెక్క ఉబ్బి ఉంది. చేత్తో నొక్కితే తడి తగిలింది. ఆ తడి చుట్టూ పలుకులు సుత్తితో కొట్టినట్టు ముక్కలైపోయాయి. చెక్క పేడుకి రెండు గోనె పోగులు అంటుకుని ఉన్నాయి.

"కింద ఉండాల్సిన తడి పైన ఉంది," అంది. "ఇక్కడ భయంకరమైన చల్లటిదేదో పెట్టారు. దాని మీద గాల్లో తేమ మంచుకట్టి, తర్వాత కరిగింది. పెట్టింది మాత్రం కరగలా. ఆవిరైపోయింది. మనకి మిగిలింది తడిచెక్క ఒక్కటే."

శ్రీనివాసప్ప పైకప్పు వైపు చూశాడు. దానిమీదే కేకుల అంతస్తు. "డ్రై ఐస్," అన్నాడు నెమ్మదిగా.

"గోనెలో మూటకట్టి పైన పెడితే చాలు. అది కక్కే గ్యాస్ బరువు, కిందికి దిగుతుంది. ఆ చలిలో పలుకులు గ్యాస్ తాగవు, అందుకే తొట్టి తడవలా. తలుపు బిగుతు. తెరిచి లోపలికి అడుగుపెట్టినవాడికి రెండు ఊపిర్లకి కాళ్ళు పోతాయి. నీకు ఓవెన్ గురించి తెలుసా అప్పా? ఓవెన్ పనివాళ్ళకి కాలేది మోచేతి కిందా మణికట్టు మీదా. వేళ్ళ కొసల్తో ట్రే ఎవడూ పట్టుకోడు, గుడ్డతో పట్టుకుంటాడు. వేళ్ళ కొసలు బొబ్బలెక్కేది గ్లౌజు లేకుండా ఆ చల్లటిది ముట్టుకున్నవాడికి."

"లలిత్ అంటావా? ఆయనకేంది పగ? ముసలాయన్ని నెత్తిన పెట్టుకోని చూసేవాడు. నిన్న శవం చూసి వణికిపోయినాడమ్మా, నటన కాదది, నేను చూసినా. 'ఈయన ఇక్కడెందుకున్నాడు, ఆ టైముకి ఉండేది ప్రిస్కిల్లా కదా' అని ఒకటే..."

తనన్న మాట తనకే తగిలి జరీనా వైపు తిరిగాడు.

జరీనా లెక్క వేసుకుంది. లలిత్ ఆ గుడి మనిషి కాదు. తెలుగోళ్ళ ఆరాధన పదకొండుకని మాత్రం తెలుసు, ఎందుకంటే ఆ పిల్ల మామూలు ఆదివారాల్లో పదిన్నరకి సెలవడిగి వెళ్ళుంటుంది. మొదటి ఆదివారం లెక్క వేరని అతనికెవరు చెప్తారు?

"ఆ మూట ఆయన కోసం పెట్టింది కాదప్పా," అంది. "తప్పు మనిషి చచ్చిపోయాడు. అందుకే వణికాడు. శవం చూశాక గోనె తీసేసి, ట్యాపు తెరిచి, నేరం ఆ పిల్ల మీదికి తోశాడు."

"ఇప్పుడా పిల్ల యాడుంది?"

జరీనా అప్పటికే ఫోన్ కలిపింది. అయిదో రింగుకి ప్రిస్కిల్లా ఎత్తింది.

"ఎక్కడున్నావమ్మా?"

"లలిత్ సారు కారులో మేడం. మడివాళలో లాయర్ ఆఫీసు కింద, పార్కింగులో. లాయర్ని పిల్చుకోని వస్తానని సారు పైకి పోయినాడు. ట్యాపు నేనే తెరిచిపెట్టినానని సారు రాసుకొచ్చిన కాగితం మీద సంతకం పెట్టేసినా. మీరు వద్దన్నారు గానీ... తప్పు నాదే కదా."

"లలిత్‌కీ నీకూ ఈమధ్య ఏమన్నా మాట వచ్చిందా?"

"లేదు మేడం. మంచిగా ఉంటాడు. శుక్రవారం ఆయనకి మంచే చేసినా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "సెంటర్ పేరుతో అమ్మే సోడా ప్యాకెట్లు ఉంటాయి కదా. మా గదిలోదానితో పోల్చి చూద్దామని పరీక్ష చేసినా. సగం బట్టల సోడానే ఉండాది. మన సోడా వేసిన బన్నులు తిని హాస్టలు పిల్లలకి నోళ్ళు పొక్కింది దీనివల్లే సార్, మిమ్మల్ని సప్లయర్ మోసం చేసినాడు, సోమవారం అందరికీ చెప్దాం అని చెప్పినా. థాంక్స్ చెప్పినాడు."

శ్రీనివాసప్ప స్పీకర్‌లో వింటున్నాడు. వాకీటాకీ తీసి మడివాళ స్టేషన్‌కి కన్నడంలో అరవడం మొదలుపెట్టాడు.

"ఎందుకలా రొప్పుతున్నావు?" అంది జరీనా.

"తెలీదు మేడం. తల పగిలిపోతా ఉండాది. వెనక సీట్లో కేకు డబ్బాలుండాయి, మూతలు లేవు. తెల్లటి పొగ..."

"తలుపు తియ్యి."

"రాలేదు. బయట్నించి లాకై ఉండాది."

"అద్దం దించు."

"సారు తాళాలు తీసుకోనిపోయినాడు. దిగలేదు." గొంతు మందగించింది. "పోనీలే మేడం. నిద్ర వస్తా ఉండాది. వెంకటేశ్వర్లు సారు కూడా ఇట్లే పోయింటాడు. నేను చేసిందానికి ఇదే సరి."

పదిహేను కిలోమీటర్ల అవతల ఒక పిల్ల చచ్చిపోతూ ఉంటే చేతిలో ఫోన్ తప్ప ఏమీ లేదు. జరీనా దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ప్రిస్కిల్లా, విను. నువ్వు ట్యాపు కట్టావు."

అవతల ఊపిరి గరగరలాడింది.

"తొట్టి పొడిగా ఉంది. నేను వేలు పెట్టి చూశా, శ్రీనివాసప్ప కూడా చూశాడు. నువ్వు పోయాక ఒక్క గుక్క గ్యాస్ కూడా లోపలికి పోలా. మీ సార్ని చంపింది లలిత్. ఆ సోడా కల్తీ బయటపడకుండా నిన్ను చంపబోయి ఆయన్ని చంపాడు. నువ్వు ట్యాపు కట్టే పోయావమ్మా."

"నిజంగా కట్టినానా?"

"కట్టావు."

అవతల ఏడుపో దగ్గో తెలియని చప్పుడు.

"ఇప్పుడు మోకాళ్ళ మీద లేచి మొహం కప్పుకి ఆనించు. గ్యాస్ కిందుంటుంది. సీటు మీద తల ఆనించే దిండు ఉంది కదా, దాన్ని పైకి లాగెయ్యి. కింద రెండు ఇనప చువ్వలుంటాయి. అద్దం మూలకి కొట్టు. మధ్యలో కాదు, మూలకి."

దబ్ అని ఒకటి. ఇంకొకటి. శ్రీనివాసప్ప వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకునే కళ్ళు మూసుకున్నాడు. మూడోది. తర్వాత గాజు రాలిన చప్పుడు, దాని వెనకే ఎవరో నీళ్ళలోంచి పైకి తేలినట్టు పెద్ద ఊపిరి.

"పగిలింది మేడం," అంది ప్రిస్కిల్లా. రొప్పుతూనే ఉంది గానీ, పొద్దుట్నుంచి ఉన్న గొంతు కాదది. "నేను స్టేషన్‌కి రాను. ఆ కాగితం చించేస్తా."

"చించు. ముందు బయటికి దూకు."

అవతల ఎక్కడో సిమెంటు నేలమీద బూట్ల చప్పుడు, దగ్గరవుతూ.

"మేడం," అంది ప్రిస్కిల్లా గుసగుసగా. "సారు మెట్లు దిగి వస్తా ఉండాడు. నన్ను చూసినాడు."

ఫోన్ కింద పడిన శబ్దం వచ్చింది. లైను మాత్రం తెగలేదు.